కడిగిన పలక

మా షెడ్డులో ఏ కబురైనా పలక మీదే రాస్తాం. కాగితం దండగ. కోతలో విరిగిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. చేతికందిన ముక్క తీసుకుని బలపంతో కొలత రాసుకుంటాం, పని అయ్యాక తడిగుడ్డతో తుడిచేస్తాం. మార్కాపురంలో పలకరాయి వ్యాపారం చేసే ఎవరి దగ్గరికి వెళ్లినా ఇదే అలవాటు. అలాంటి చోట గోడకు వేలాడుతున్న ఒక పలక మీద నాలుగేళ్ల పాటు అవే పన్నెండంకెలు చెరగకుండా ఉన్నాయంటే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఏదో పాత కొలత అనుకున్నాను.

నా పేరు మొహిద్దీన్ బాషా. తర్లుపాడు రోడ్డులో నా షెడ్డు. మా నాయన బడిపిల్లల పలకలు చేయించి అమ్మాడు. ఆ గిరాకీ పడిపోయాక నేను గోడలకూ నేలకూ పరిచే బండల్లోకి దిగాను. సరుకు చెన్నై రేవు మీదుగా యూరప్ పోతుంది. యాభై ఆరేళ్లు వచ్చాయి. ఏ బేరంలోనూ కాగితం చదవకుండా సంతకం పెట్టలేదు. మా నాయన నాకిచ్చిన ఆస్తిలో పెద్దభాగం ఆ ఒక్క అలవాటే.

కృష్ణయ్య మా దగ్గర కోత పనివాడు. ఊరు అర్ధవీడు. పద్దెనిమిదేళ్లు పొడి రంపం మీద పనిచేశాడు. పొడి రంపం అంటే నీళ్లు లేకుండా రాయి కోసేది. సాయంత్రానికి మనిషి కనుబొమ్మలు కూడా బూడిద రంగుకు తిరుగుతాయి. రాయిని గురించి కృష్ణయ్యకు తెలిసినంత నాకు తెలియదు. గని నుంచి లారీ వచ్చి దిమ్మెలు దించగానే అతను ఒక్కొక్కదాన్ని ఉలి వెనకభాగంతో మెల్లగా కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఏ దిమ్మెలో ఎక్కడ పగులుందో అతను వేలు పెట్టి చూపిస్తే నేను అక్కడ సుద్దగీత గీసి, ధర తగ్గించి కొనేవాడిని. అతని చెవి నాకు చాలా లాభం చేసింది.

2019లో బెల్జియం నుంచి కొనేవాడు ఒక షరతు పెట్టాడు. పొడి కోత రాయి ఇక కొనడట. దుమ్ము వల్ల పనివాళ్ల ఊపిరితిత్తులు పోతున్నాయని వాళ్ల దేశంలో గొడవట. నీళ్లలో కోసే మిషను పెట్టి, అది తిరుగుతున్న వీడియో పంపమన్నాడు. జర్మనీ మిషను ధర విని ఫోను పెట్టేశాను. చైనాది అందులో మూడో వంతుకు వచ్చింది. దాన్ని కృష్ణయ్య కోసం కొన్నానని చెప్పను. కొనేవాడు అడిగాడు, కొన్నాను. కానీ దాని మీద ఎవరిని పెట్టాలన్నప్పుడు ముందు అతనే గుర్తొచ్చాడు. అప్పటికే అతనికి మెట్లెక్కితే ఆయాసం. ఒంగోలులో ఎక్స్‌రే చూసిన డాక్టరు, ఇంకా దుమ్ములో ఉంటే ఎక్కువ కాలం ఉండవని మొహం మీదే చెప్పాడు. నీళ్ల మిషను తిరిగినన్నాళ్లూ అతనికి ఊపిరి ఉంటుంది. అది ఆగితే ఉండదు. ఈ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

మిషను ఒప్పందం కాగితాలు ముప్పై పేజీలు. అన్నీ చదివించుకున్నాను. పదిహేడో షరతులో, నాలుగేళ్ల తరువాత మిషను ఒక నంబరు అడుగుతుందని, కంపెనీ ఇంజనీరు వచ్చి సర్వీసు చేసి ఆ నంబరు కొడతాడని ఉంది. సర్వీసు డబ్బుల కోసం పెట్టుకున్న తాళం అని అర్థమైంది. నేనూ వ్యాపారినే కాబట్టి తప్పనిపించలేదు. నాలుగేళ్లలో ఆ దేశం నుంచి ఈ దేశానికి ఒక మనిషి రావడమే కుదరని రోజు వస్తుందన్న లెక్క మాత్రం నాకు తట్టలేదు.

మిషను బిగించడానికి వచ్చిన ఇంజనీరు పేరు లిన్. నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి నెల రోజులు ఉన్నాడు. అతనికి మన మాట రాదు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు. కృష్ణయ్యకు ఆ నాలుగూ రావు. ఇద్దరూ పలక మీద మాట్లాడుకునేవాళ్లు. లిన్ రంపం బొమ్మ గీసి నీటి చుక్కలు వేసేవాడు. కృష్ణయ్య దిమ్మె గీసి పగులు ఎటు పోతుందో చూపేవాడు. తుడవడం, మళ్లీ గీయడం. మొదటి వారంలోనే లిన్ దిమ్మెకు చెవి ఆనించి వినడం మొదలుపెట్టాడు. అతనికి ఏమీ వినబడేది కాదు. కృష్ణయ్య నవ్వేవాడు.

లిన్ 2020 జనవరి రెండో తేదీన వెళ్లిపోయాడు. ఆ జూన్‌లో సరిహద్దులో మన సైనికులు చనిపోయారు. తరువాత వాళ్ల యాప్‌లు ఆగిపోయాయి. అప్పటిదాకా లిన్‌తో నేను మెసేజీలు పెట్టుకునే యాప్ కూడా అందులో పోయింది. వాళ్ల దేశం వాళ్లకు వీసాలూ ఆగిపోయాయి. ఊళ్లో మాట పడటం ఎందుకని మిషను మీద చైనా అక్షరాలున్న చోటల్లా ఆకుపచ్చ రంగు వేయించాను. మీటల మీద రాత కనబడకుండా పోయింది. కృష్ణయ్యకు ఇబ్బంది కాలేదు. ఏ మీట ఎందుకో అతని వేళ్లకు తెలుసు.

అట్లా 2023 దసరా వచ్చింది.

మా షెడ్డులో ఆయుధ పూజ పనివాళ్లు చేస్తారు. గుమ్మడికాయ, పూలు, బొరుగులు, బెల్లం ఖర్చు నాది. ముందురోజు షెడ్డంతా కడుగుతారు. మిషను ఉన్న మూల కృష్ణయ్యది. అక్కడికి ఇంకెవరినీ రానిచ్చేవాడు కాదు. ఆ ఏడు అర్ధవీడులో అతని పెదనాన్న కొడుకు చనిపోయాడు. మైల కాబట్టి అతను పూజకు రాకూడదు, పనిముట్లు ముట్టుకోకూడదు. పదకొండు రోజులు ఊళ్లోనే ఉండిపోయాడు. ఆ మూల కడగడానికి ఎవరూ కదలకపోతే నేనే నీళ్ల పైపు పట్టుకున్నాను. గోడకు ఒక పలక, దానిపైన చినుకు పడకుండా రేకుముక్క మడిచి పెట్టి ఉంది. పలక మీద ఏవో అంకెలు. దించి, తడిగుడ్డతో తుడిచి నరసింహానికి ఇచ్చాను. నరసింహం కృష్ణయ్యకు బామ్మర్ది, మా దగ్గరే లోడింగు పని. అతను దాని మీద కుంకుమతో శ్రీ రాసి మళ్లీ తగిలించాడు. బాగుందనుకున్నాను.

డిసెంబరు మొదటివారంలో ఒక ఉదయం మిషను తెర ఎర్రగా మారింది. పన్నెండు గళ్లు, కింద ఐదు చుక్కలు. కృష్ణయ్య ఇంకా బస్సు దిగలేదు. నాకు పదిహేడో షరతు గుర్తొచ్చింది. ఒప్పందం మీద ఉన్న నంబరు కొట్టాను. ఒక చుక్క ఆరిపోయింది. మిషను వీపున ముద్రించిన నంబరు కొట్టాను. ఇంకొకటి ఆరింది. అప్పుడు గాని నాకు ఆ చుక్కలు ఎందుకో తెలియలేదు. ఐదుసార్లు తప్పు కొడితే మిషను ఇక ఎప్పటికీ తెరుచుకోదు. తెలివిగలవాడినని ఊళ్లో పేరున్న నేను రెండు అవకాశాలు ఐదు నిమిషాల్లో పోగొట్టాను.

కృష్ణయ్య వచ్చి తెర చూశాడు. గోడ దగ్గరికి పోయి పలక దించి వెనక్కి తిప్పాడు. వెనకవైపు బలపంతో పన్నెండంకెలు ఉన్నాయి. చివరి మూడింటి మీద చాలాసార్లు తుడిచి రాసిన మచ్చ.

"ఏంది ఇది?" అన్నాను.

"లిన్ రాసిచ్చిన నంబరు భాయ్. పొయ్యేరోజు రాసిచ్చినాడు. దసరా ముందు దాకా ఉన్నది."

"మరి ఎవరు తుడిచినారు?"

కృష్ణయ్య నేల చూశాడు. "మీరే అంట."

తరువాత ఒక్కొక్కటే చెప్పాడు. వెళ్లేరోజు లిన్ ఈ పలక మీద అంకెలు రాసి, క్యాలెండరు చూపించి, నాలుగు వేళ్లు ఎత్తి, మిషను తెర మీద తట్టాడట. తరువాత తుడుస్తున్నట్టు చెయ్యి ఊపి, వద్దని తల తిప్పాడట. ఆఖరున పెదాల మీద వేలు పెట్టుకున్నాడట. తాను మళ్లీ రాలేకపోవచ్చని ఆ మనిషికి ఎందుకు అనిపించిందో నాకు తెలియదు. కంపెనీకి తెలిస్తే లిన్ ఉద్యోగం పోతుంది. అందుకే కృష్ణయ్య నాకూ చెప్పలేదు. బలపం రాత వెలిసిపోకుండా ఆరు నెలలకోసారి ఆ అంకెల మీదే దిద్దేవాడు. మైల తీరి వచ్చేసరికి పలక మీద శ్రీ ఉంది. ఆ రోజే వెనక్కి తిప్పి గుర్తున్నంత రాశాడు. మొదటి తొమ్మిది ఖాయం. చివరి మూడు ఖాయం కాదు.

"ఇంకోచోట రాసి పెట్టుకోలేదా?"

"పలక మీద రాసింది యాడికి పోతుందిలే అనుకున్నా."

నరసింహం పక్కన నిలబడి విన్నాడు. "మా బావకు మా అక్క పెళ్లిరోజు ఎప్పుడో గుర్తుండదు. చైనా నంబరు తొమ్మిది దాకా గుర్తున్నదంటే గొప్పే భాయ్," అన్నాడు.

కృష్ణయ్య కళ్లు మూసుకుని పలక మీద రాశాడు. చెయ్యి తొమ్మిది వరకు తడుముకోకుండా పోయింది. తరువాత గాలిలో ఆగిపోయింది. ఆ రోజు ఒకటి, మరునాడు ఒకటి కొట్టి చూశాం. రెండు చుక్కలూ ఆరిపోయాయి. చివరి మూడు అంకెలంటే వెయ్యి రకాలు. మిగిలింది ఒక్క చుక్క. ఇక ఎవరూ తెర ముట్టుకోకూడదని చెప్పి దాని మీద గోనెపట్టా కప్పించాను.

చెన్నైలో ఆ కంపెనీ ఏజెంటు సురేష్‌కు ఫోను చేశాను. ఇంజనీరును పంపమన్నాను. వీసా రాదన్నాడు. పెద్ద ఫోను కంపెనీలకే రావడం లేదట, బండలు కోసుకునే వాడికి ఎవరిస్తారు అన్నాడు. నంబరు మెయిల్‌లో పంపమన్నాను. చైనా ప్రభుత్వం కొత్త నియమం పెట్టిందట, ఇలాంటి కోడ్‌లు దేశం దాటించాలంటే అనుమతి కావాలట. లిన్ నంబరు అడిగాను. అతను 2021లోనే మానేశాడట. అయితే లోపలి బోర్డు మొత్తం మార్చుకుంటాను, కొత్తది పంపమన్నాను. ఆ బోర్డులో చిప్ అమెరికాదట. మిషను కంపెనీ పేరు అమెరికా వాళ్ల నిషేధం జాబితాలోకి ఎక్కడంతో చిప్‌లు అమ్మడం ఆపారట. ఇప్పుడు సొంత చిప్‌తో చేస్తున్న బోర్డు పాత మిషనుకు సరిపోదట.

"అమెరికా అమ్మనంటాది, చైనా చెప్పనంటాది, మనోళ్లు రానియ్యమంటారు," అన్నాను.

"అదే భాయ్. మీ బండ కొయ్యాలంటే మూడు ప్రభుత్వాలు సంతకం పెట్టాల," అన్నాడు సురేష్. అతను తమాషాకే అన్నాడు.

నేను ఎవరితోనూ గొడవ పెట్టుకునే రకం కాదు. మా షెడ్డు ఎదురుగా ఇద్దరు బండల వ్యాపారులు పోటీపడి ధర తగ్గించుకుంటే లాభం కొనేవాడికి పోతుందని తెలుసు. ఇక్కడ అలాంటిది కూడా కనబడలేదు. ఆ మూడు చోట్లా కూర్చున్నవాళ్లు ఒకరి తలుపు ఒకరు మూసుకుంటున్నారు. వాళ్ల లెక్కలో అర్ధవీడు కృష్ణయ్య ఏ వరుసలోనూ లేడు. ఉండాలని నేను అనుకోను కూడా. నా లెక్కలోనే అతను ఏ వరుసలో ఉన్నాడో తరువాత తేలింది.

హైదరాబాదు బాలానగర్ నుంచి వెంకటేష్ అనే మెకానిక్కును పిలిపించాను. పెట్టె విప్పి రెండు రోజులు చూశాడు. తాళం తన వల్ల కాదని, లోపలిదంతా పీకేసి మన దేశపు పెట్టె పెట్టగలనని అన్నాడు. ఆరు నెలలు పడుతుంది, మిషను ధరలో సగం అవుతుంది. అప్పుడే సురేష్ ఫోను చేసి ఢిల్లీలో కాగితం కదిలిందని, వచ్చే నెల ఇంజనీరు రావచ్చని చెప్పాడు. వచ్చే నెల వచ్చేదానికి ఇప్పుడు సగం ధర పెట్టడం తెలివి కాదు. వెంకటేష్‌ను పంపేశాను.

ఈలోగా బెల్జియం సరుకు పోవాలి. వెనక రేకుల కొట్టంలో పాత పొడి రంపాలు మూడు ఉన్నాయి. నూనె పెట్టించాను. కొనేవాడు ఎప్పటిలాగే మిషను వీడియో అడిగాడు. మొదటి ఏడాది తీసిన వీడియో నా ఫోనులో ఉంది. అదే పంపాను. వెరీ గుడ్ అని జవాబు వచ్చింది.

కృష్ణయ్యను రంపం మీదికి పొమ్మని నేను చెప్పలేదు. ఈ మాట చాలామందికి చెప్పాను, అది నిజమే. అందరినీ పిలిచి, పాత పని మొదలవుతుంది, ఇష్టమున్నవాళ్లు రండి, లేనివాళ్లకు లోడింగు ఉంది అన్నాను. లోడింగు అంటే బండలు మోయడం. మెట్లెక్కితే ఆయాసం వచ్చేవాడు బండలు మోయలేడు. ఇది నాకు తెలిసే అన్నాను. కృష్ణయ్య తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుని కొట్టంలోకి పోయాడు. నేను మాస్కులు తెప్పించాను. గంటకే అవి సిమెంటు సంచిలా గట్టిపడేవి.

ఫిబ్రవరి నెలాఖరున ఒక మధ్యాహ్నం కృష్ణయ్య నా గదికి వచ్చాడు. తువ్వాలు మెడలోకి లాక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఆ పలక ఉంది.

"చేతికి గుర్తొచ్చింది భాయ్."

బండ మీద కొలత రాస్తున్నాడట. నలభై, ఏడు. నాలుగు, సున్న, ఏడు అని చెయ్యి పోయిన తీరు చూస్తే, నాలుగేళ్లు దిద్దిన పోకడ అదేనట. పలక మీద పన్నెండంకెలూ ఈసారి తుడుపు లేకుండా ఉన్నాయి. చివరన 407.

"ఖాయమా?"

"చెయ్యి చెప్తాంది. కొట్టి చూద్దాం రండి."

నేను పలక వంక చూస్తూ లెక్క వేశాను. తప్పయితే మిషను ఇనుప సామాను. కొట్టకుండా ఉంటే, వీసా వచ్చేదాకా అది మిషనే. ఉన్న ఒక్క అవకాశానికి విలువ ఉంటుంది, వాడేస్తే ఉండదు. ముందే రెండు నా తొందర వల్ల పోయాయి, రెండు అతని చెయ్యి వల్ల పోయాయి.

"వచ్చే నెలలో మనిషి వస్తాడంట కృష్ణయ్యా. ఇంత ఆగినాం, ఒక నెల ఆగుదాం."

అతను వాదించి ఉంటే ఏం చేసేవాడినో తెలియదు. "సరే భాయ్," అన్నాడు. పలక తీసుకుపోయి పాత మేకుకే తగిలించి, పైన రేకుముక్క సర్దాడు. తువ్వాలు కట్టుకుని కొట్టంలోకి పోయాడు.

ఆ నెల మనిషి రాలేదు. తరువాతి నెల కూడా కాగితం ఢిల్లీలోనే ఉంది. ఎన్నికలన్నారు. ఎన్నికలయ్యాక, ముందు పెద్ద కంపెనీల వరుస అన్నారు. ప్రతినెలా నేను అదే లెక్క వేసి అదే జవాబు తెచ్చుకున్నాను. కృష్ణయ్య ఆ నంబరు సంగతి మళ్లీ అడగలేదు. రాయికి చెవి ఆనించి వినడం మాత్రం మానేశాడు. వంగితే దగ్గు ఆగేది కాదు. నేను పగులున్న దిమ్మెలు మంచి ధరకే కొనడం మొదలుపెట్టాను.

2025 మార్చి తరువాత అతను పనికి రాలేదు. ఒంగోలులో ఎక్స్‌రే తీస్తే రెండు వైపులా తెల్లగా, ఇసుక చల్లినట్టు ఉంది. మందు లేదన్నారు. ఇంటికి తీసుకుపోతే ఆక్సిజన్ మిషను కావాలన్నారు. అది నేనే కొని అర్ధవీడు తీసుకుపోయి ఇచ్చాను. దాని మీద కూడా చైనా అక్షరాలే. వాటికి రంగు వేయించలేదు.

మే నెలలో చూడటానికి వెళ్లాను. మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడదు. ముక్కుకు గొట్టం, పక్కన ఆ మిషను గురగుర. భార్య నాగరత్నమ్మ స్టూలు వేసింది. నరసింహం ఎట్లున్నాడని కృష్ణయ్య అడిగాడు. బాగున్నాడన్నాను. ఏం పని చేస్తున్నాడని అడిగాడు. నేను చెప్పలేదు. రంపం మీద ఖాళీ అయిన చోటికి నరసింహం వచ్చాడని చెప్పడానికి నోరు రాలేదు.

కృష్ణయ్యకు అర్థమైనట్టుంది.

"ఆ నంబరు కొట్టినారా భాయ్?"

"కొట్టినా," అన్నాను. "తెరుచుకుంది. నీ చెయ్యి చెప్పిందే నిజం. నరసింహం ఇప్పుడు నీళ్ల మిషను మీదున్నాడు."

వ్యాపారంలో అబద్ధాలు చెప్పాను. కొన్నవాడికి లాభం చూపించే అబద్ధం ఒక రకం. ఇది కూడా అట్లాంటిదేనని అప్పటికప్పుడు అనుకున్నాను. నాగరత్నమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "చూస్తివా, నేను చెప్పలా," అంది మొగుడితో. తరువాత నా వైపు తిరిగి, "అన్నా, ఆ చప్పుడు ఏమన్నా ఉంటే వినిపించు. ఈయన ప్రాణం ఆడనే ఉన్నది," అంది.

తప్పించుకోవడానికి దారి లేదు. బెల్జియం వాడికి పంపిన వీడియో తీసి, ఫోను అతని చెవి దగ్గర పెట్టాను. నీళ్ల చప్పుడు, దాని కింద రంపం రాయిలోకి దిగుతున్న సన్నటి రాగం. కృష్ణయ్య కళ్లు మూసుకున్నాడు. దుప్పటి మీద అతని వేలు చప్పుడుతో పాటు మెల్లగా కదిలింది. నిమిషన్నర వీడియో. నిమిషం దాటాక ఒకచోట వేలు ఆగింది. అయిపోయేదాకా కళ్లు తెరవలేదు.

"ఇది మొదటి ఏడాది కోసిన రాయి భాయ్," అన్నాడు. ఒక్కొక్క మాటకు ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "కుడిపక్క పగులున్నది. ఆడికి రాంగనే గొంతు మారుతుంది. లిన్‌కు వినిపించినా దాన్నే."

నాగరత్నమ్మకు ఇందులో ఏమీ తెలియలేదు. ఆమె నవ్వుతూనే ఉంది. నేను ఫోను జేబులో పెట్టుకోబోయాను.

"ఇంకోసారి పెట్టండి," అన్నాడు కృష్ణయ్య.

పెట్టాను. ఆ సాయంత్రం నాలుగుసార్లు పెట్టించుకున్నాడు. లేచి వస్తుంటే నరసింహాన్ని ఒకసారి రమ్మని చెప్పమన్నాడు. అంతే.

జూన్ పన్నెండున పోయాడు. నరసింహం అర్ధవీడు పోయి వచ్చాక రంపం మీదికి రానన్నాడు. గోడకున్న పలక మీద అంకెలు వెలిసిపోతుంటే ఒకరోజు బలపం తీసుకుని దిద్దాడు. వద్దని నేననలేదు.

ఆ శీతాకాలం దేశాల మధ్య గాలి మారింది. విమానాలు మొదలయ్యాయి, వీసాలు వదిలారు. ఎందుకు ఆపారో, ఎందుకు వదిలారో మా షెడ్డుకు ఎవరూ చెప్పలేదు. సురేష్ ఫోను చేసి, డిసెంబరు తొమ్మిదిన ఇంజనీరు వస్తున్నాడన్నాడు. అందరూ మంచి కబురన్నారు. నాకు మాత్రం ఆ వారం అన్నం సయించలేదు.

ఎందుకో లెక్క చెబుతాను. మనిషి నిమిషానికి పదహారుసార్లు ఊపిరి తీసుకుంటాడని ఒంగోలు డాక్టరు చెప్పాడు. గంటకు తొమ్మిది వందల అరవై. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు ఇరవై ఆరు రోజులు. కృష్ణయ్య ఆ పలక తెచ్చి గుమ్మంలో నిలబడిన మధ్యాహ్నం తరువాత పదమూడు నెలలు పొడి కొట్టంలో ఉన్నాడు. ఇరవై ఆరు లక్షల ఊపిరులు. ఆ నంబరు తప్పయితే, అవి మూడు దేశాల ఖాతాలో పోతాయి. సరైనదైతే, అవన్నీ నావి.

వచ్చిన ఇంజనీరుకు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఫోనులో మాట్లాడితే అది తెలుగులో పలికింది. లిన్ తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. గోనెపట్టా తీశాడు. తెర మీద ఒక్క చుక్క ఇంకా వెలుగుతోంది. మీటల మీది ఆకుపచ్చ రంగును గోటితో గీకి, కింద ఉన్న అక్షరాలు చదువుకున్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి ఒక అంకెల వరుస చూశాడు. నేను వెనక్కి తిరిగి రోడ్డు మీద పోయే లారీలు చూస్తూ నిలబడ్డాను. మీటల చప్పుడు పన్నెండుసార్లు వినబడింది. తరువాత నీళ్లు వదిలిన చప్పుడు, రంపం తిరిగిన చప్పుడు. నరసింహం, మిగతావాళ్లు పరిగెత్తుకొచ్చారు.

నేను ఇటు తిరిగేసరికి ఇంజనీరు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. రేకు కింద ఉన్న పలక వంక చూస్తున్నాడు. తరువాత తన ల్యాప్‌టాప్ వంక చూశాడు. నా వైపు తిరిగి ఏదో చెప్పడానికి ఫోను నోటి దగ్గరికి ఎత్తాడు. నేను గబగబా పోయి ఆ ఫోను మీద చెయ్యి పెట్టి కిందికి దించాను. టీ తాగుదాం రమ్మని సైగ చేశాను. అతను నా మొహం చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

టీ తాగాక బ్యాగులోంచి సర్వీసు కాగితం తీశాడు. తేదీ, మిషను పేరు, చేసిన పని, కొట్టిన నంబరు అన్నీ వరుసగా అచ్చయి ఉంటాయి. నరసింహం నా పక్కనే నిలబడ్డాడు. మొదటి వరుస దగ్గర నా కళ్లు ఆగాయి. కాగితాన్ని పైనుంచి వెనక్కి మడిచి, సంతకం చేసే చోటు మాత్రమే పైకి ఉండేలా పట్టుకుని, సంతకం పెట్టాను.

"చదవరా భాయ్?" అన్నాడు నరసింహం.

"చదివిందేలే," అన్నాను.

కాగితం ఇంకో మడత పెట్టి గోడ దగ్గరికి పోయి, పలక వెనకాల దోపాను. మిషను దగ్గర కొత్తగా ఎక్కించిన దిమ్మె సగం దాకా తెగింది. నడుమ ఒకచోట రంపం గొంతు మారింది. అది పగులో కాదో చెప్పడానికి షెడ్డులో ఎవరూ లేరు.